డ్రమ్ము మీద శ్రీకూర్మం

ఖరగ్‌పూర్,
12-6-1967.

మావకి, అత్తకి నీ మేనల్లుడు నరసింగరావు నమస్కారాలు.

అమ్మా నేనూ కులాసా. ఇక్కడ ఎండలకి వర్క్‌షాపు రేకుల కింద మనుషులు ఉడికిపోతున్నారు. అమ్మ నిన్ను రోజూ తలుస్తుంది. తమ్ముడు కార్డుముక్కైనా రాయడని తిడుతుంది కూడా.

మావా, నీ వల్ల ఒక పని కావాలి. మా తెలుగు సంఘంలో నేను వాయించడానికి డ్రమ్ముల సెట్టు ఒకటి దొరికింది. గార్డుగా రిటైరైన పీటర్ దొర ఆస్ట్రేలియాలో కూతురి దగ్గరికి పోతూ ఇచ్చి వెళ్ళాడు. కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము, ఒక సైడ్ డ్రమ్ము, చిన్నవి రెండు, ఒక ఇత్తడి తాళం. లండన్ సరుకని దొర అందరికీ చెప్పేవాడు. పెద్ద డ్రమ్ముకి ఇంగ్లీషు అక్షరాల బిళ్ళ కూడా ఉంది.

తుడుస్తుంటే ఆ బిళ్ళ ఊడింది. దాని కింద చెక్క కూడా మిగతా చెక్కలాగే పొగచూరి నల్లగా ఉంది. మొదటినుంచీ బిళ్ళ ఉండి ఉంటే ఆ చోటు తెల్లగా ఉండాలి కదా! అనుమానం వచ్చి లోపల గీకి చూశాను. పసుపు రంగు. పనస చెక్క. లండన్‌లో పనసచెట్లున్నాయా మావా?

దొర ఇంకా ఊరు వదలకముందే నిలదీస్తే నవ్వేశాడు. యుద్ధానికి ముందు విజయనగరంలో బజారు పక్క పాకలో ఒకతను చేసి ఇచ్చాడట. అతని భార్య ఎండుచేపలు అమ్మేదట. పేరు మరిచిపోయాడు. దేశవాళీ డ్రమ్మంటే క్లబ్బుల్లో వాయించనివ్వరని ఆ బిళ్ళ తనే కొట్టించాడు.

చేసినవాడి పేరుతో కొత్త బిళ్ళ వేయించాలని నా కోరిక. ఇన్నేళ్ళూ ఎవడిదో పేరు మోసింది ఆ డ్రమ్ము. మా సంఘం అధ్యక్షుడు నూకయ్యగారు సరేనన్నారు, దసరా లోపల పేరు తెమ్మన్నారు. నీకు విజయనగరం ఎంత దూరం! చీపురుపల్లిలో బండెక్కితే దిగడమే. ఒక్కసారి వెళ్ళి అడుగు.

నీ అల్లుడు
నరసింగరావు


చీపురుపల్లి,
25-6-1967.

చిరంజీవి నరసింగరావుకి మావ జగన్నాధం దీవించి రాసేది.

నీ ఉత్తరం అందింది. అక్కకి చెప్పు, రాయకపోవడం మరిచిపోయి కాదు. రాయడానికి విషయం ఉండదు.

విజయనగరం వెళ్ళాను. బజారులో ఒక వడ్రంగి దుకాణం ముందు చాలాసేపు నిలబడ్డాను. అతనే పలకరించాడు. డ్రమ్ము అన్నాను. బ్యాండు మేళం మాట్లాడుకోవడానికి వచ్చాననుకున్నాడు. 'పెళ్లెప్పుడు బావు?' అన్నాడు. ఏం చెప్పాలో తోచక మాఘమాసం అన్నాను. వచ్చేశాను.

మీ అత్త లక్ష్మణమ్మ ఇంకా నవ్వుతోంది. 'మాగమాసంలో నీకేనేటి పెళ్ళి?' అంటోంది.

ఏమని అడగాలో వివరంగా రాయి. నాకు డ్రమ్ములు తెలియవు.

జగన్నాధం


ఖరగ్‌పూర్,
6-7-1967.

మావకి దండాలు. నీ పెళ్ళి కబురు విని అమ్మ కడుపు పట్టుకుని నవ్వింది.

ఇంకో గుర్తు దొరికింది. డ్రమ్ము చుట్టు కోసం పలక వంచి, రెండు కొసలూ ఒకదాని మీద ఒకటి వేసి కలిపాడు. మేకులు లేవు. చిన్న బెజ్జాలు వేసి కొబ్బరి తాడుతో కుట్టాడు. నా పక్క మిషను మీద పనిచేసే ఎల్లాజీది భీమిలి అవతల సముద్రపు పల్లె. తీసుకొచ్చి చూపించాను. చూడగానే నెత్తిన చేయి పెట్టుకున్నాడు. 'ఒరే, ఇది నావరా! మావోలు నావ పలకలు ఇలాగే కుడతారు' అన్నాడు. తోలు బిగించే తాళ్ళు చూసి, 'ఈ ముడి ఏటనుకున్నావు? వల ముడి' అన్నాడు.

కాబట్టి వడ్రంగుల్ని అడగకు. ఎండుచేపలమ్మే వాళ్ళని అడుగు. నావలు కట్టే మనిషి ఎవరైనా వచ్చి పూర్వం ఇక్కడ డ్రమ్ములు చేసేవాడా అని అడిగితే చాలు. అతను ఎవరు, ఏ ఊరు. ఈ రెండే.

సిగ్గుపడకు మావా. అవసరమైతే అత్తని తోడు తీసుకెళ్ళు.

నరసింగరావు


చీపురుపల్లి,
30-7-1967.

చి. నరసింగరావుకి ఆశీస్సులు.

నారుమళ్ళ పని వల్ల ఆలస్యమైంది. మీ అత్త వస్తానంది. వద్దని ఒక్కడినే వెళ్ళాను.

ఎండుచేపల వరసలో తాతమ్మ అనే ముసలామె ఉంది. డెబ్భై ఏళ్ళు ఉంటాయి. డ్రమ్ములు చేసినది ఆమె భర్తే. అతను చనిపోయి చాలాకాలమైంది. తుపానులో నావ పోతే విజయనగరం వచ్చి బ్యాండు వాళ్ళ డ్రమ్ములు బాగుచేస్తూ, పోనుపోను సొంతంగా చేయడం పట్టాడట. దొర కోసం చేసిన పెద్ద డ్రమ్ము ఆమెకి గుర్తుంది. 'నానూ ఆయనా కూకుని దాన్ని వంచినాం' అంది.

బేరాల మధ్య అడగవలసి వచ్చింది. వెనకనుంచి జనం తోస్తున్నారు. 'ఆయన పేరేమిటి, ఊరేమిటి?' అని ఒక్కసారే అడిగేశాను. అడిగాక నాలిక కరుచుకున్నాను. భర్త పేరు ఆమె ఎలా చెబుతుంది? ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, 'నా నోట రాదు బావు. శ్రీకూర్మంల సామి నేడేటి? అదే' అంది.

ఊరు శ్రీకూర్మం అని తెలిసింది. పేరు కోసం ఆమెని మళ్ళీ ఇబ్బంది పెట్టలేదు. అది మర్యాద కాదు.

ఆమె ఒక్కటే అడిగింది. 'ఆయన పేరు మీ అల్లుడు నిజంగా దాని మీద ఏయిత్తాడా?' అని. వేయిస్తాడు అన్నాను. పేరు లేకుండా వేయించడం ఎలాగో నువ్వే చూడు.

జగన్నాధం


ఖరగ్‌పూర్,
14-8-1967.

మావా, నీకు వెయ్యి దండాలు!

ఉత్తరం చదివి ఎల్లాజీ ఎగిరి గంతేశాడు. శ్రీకూర్మం నుంచి సముద్రం ఎంతో దూరం కాదట. నావ కుట్టు, వల ముడి, శ్రీకూర్మం, అన్నీ ఒకదానికొకటి అతికినట్టు సరిపోయాయి. పేరు దొరకలేదని నేను దిగాలుపడితే నూకయ్యగారు ఉపాయం చెప్పారు. విలాయతీ వాళ్ళు కూడా డ్రమ్ముల మీద ఊరి పేరు వేసుకుంటారు కదా, ఊరి పేరు వేస్తే మనిషి పేరు వేసినట్టే అన్నారు. ఇత్తడి బిళ్ళ చెక్కడానికి ఇచ్చేశాం. 'శ్రీకూర్మం వారి చేతిపని'. బాగుంది కదూ?

డ్రమ్ముని కొత్తపెళ్ళికూతుర్ని చేస్తున్నాను. చెక్కకి మెరుగు పెట్టాను. పాత తాళ్ళు ముతకగా, నల్లగా ఉన్నాయి. ముడులు విప్పుదామంటే ఎంతకీ రాలేదు. కత్తితో కోసి పారేసి కొత్త నూలు తాళ్ళు వేశాను. ఇప్పుడు తోలు ఎంత బిగువుగా ఉందో! దసరాకి నువ్వూ అత్తా వచ్చి వినాలి.

నరసింగరావు


ఖరగ్‌పూర్,
20-10-1967.

మావకి నమస్కారాలు. మీరు రాలేదని అమ్మ అలిగింది.

దసరా సభ ఘనంగా జరిగింది. నూకయ్యగారు శ్రీకూర్మం పనివాళ్ళ గురించి అరగంట మాట్లాడారు. స్వామి రథం చేసిన చేతులే ఈ డ్రమ్మూ చేశాయన్నారు. రథం సంగతి ఆయనకెవరు చెప్పారో నాకు తెలియదు. జనం మాత్రం చప్పట్లు కొట్టారు.

నువ్వొకసారి తాతమ్మగారి దగ్గరికి వెళ్ళి ఈ కబురు చెప్పు. పాపం, ఎదురుచూస్తూ ఉంటుంది.

నీ నరసింగరావు


చీపురుపల్లి,
8-11-1967.

చిరంజీవి నరసింగరావుకి.

నీ అంత ఉత్తరాలు నేను రాయలేను. ఈసారి రాయక తప్పదు.

తాతమ్మగారిని చూశాను. కబురు చెప్పాను. 'ఇత్తడి మీద చెక్కారమ్మా. శ్రీకూర్మం అని ఉంది' అన్నాను. ఆమె తక్కెడ కింద పెట్టేసింది. కళ్ళనిండా నీళ్ళు. పక్కావిడతో, 'ఇన్నావేటే మరిడమ్మా! మర్యాదస్తులు. నాను పలికినట్టే పలికి ఏయించినారు' అంది. నాకు అర్థం కాలేదు. అర్థం కానట్టు కనిపించడం బాగుండదని తల ఊపాను.

'నా ముడులున్నాయా బావు? ఆ పెద్దదాని తాళ్ళన్నీ నానే ముడేసినాను' అంది. ఆయన చేతి పక్కన తన చేయి కూడా ఉందని ఆమె సంతోషం. దానికీ తల ఊపాను. నీ ఆగస్టు ఉత్తరం అప్పటికి గుర్తు రాలేదు. రైల్లో గుర్తొచ్చింది.

తిరిగి వస్తుంటే ఆమె చెల్లెలి కూతురు బుల్లమ్మ స్టేషను దాకా కూడా వచ్చింది. ఆమెకీ స్టేషను నుంచి ఎండుచేపల గంప మోసుకెళ్ళే పని ఉంది. నేను ఊరికే ఉండలేక, శ్రీకూర్మంలో మీ వాళ్ళు ఇంకా ఉన్నారా అన్నాను. ఆమె ఆగిపోయింది. 'శ్రీకూర్మంల మావోలు ఎవులూ నేరు. మాది కళింగపట్నం అవతల పల్లె' అంది. మరి మీ పెద్దమ్మ శ్రీకూర్మం అని చెప్పిందే అన్నాను. 'ఓలమ్మ! ఊరు కాదు బావు. మా పెద్దయ్య పేరే కూర్మయ్య. మొగుడి పేరు అనకూడదని మా పెద్దమ్మ శ్రీకూర్మంల సామి అంటాది. మా యింటిల్లిపాదికీ తెలుసు' అంది.

నరసింగం, ఆమె అప్పుడే పేరు చెప్పింది. ఆమె చేత పేరు చెప్పించకూడదని నేను జాగ్రత్తపడుతూ ఉంటే, ఆమె నా ముఖం మీదే చెప్పింది. నేను ఊరు అని రాశాను.

ఇప్పుడామె బిళ్ళ మీద భర్త పేరు ఉందనుకుంటోంది. ఏం చేయాలో రాయి.

జగన్నాధం


ఖరగ్‌పూర్,
17-11-1967.

మావకి,

ఉత్తరం రెండుసార్లు చదివాను. నువ్వు నన్ను తప్పుపడుతూ రాయలేదు. అలాగని నాకు తగలకుండా పోలేదు. ముందు నువ్వు ఊరని రాశావు. నేను అది పట్టుకుని ఎగిరాను. ఎల్లాజీ తందాన అన్నాడు. నూకయ్యగారు రథం కట్టారు.

తాళ్ళు లేవు మావా. కోసినవి కోసినట్టు పాకీ బండిలో వెళ్ళిపోయాయి. ఎల్లాజీ ఒక్క ముడైనా దాచరా అన్నాడు. నేనే వినలేదు.

నూకయ్యగారికి చెబుదామని వెళ్ళాను. ఆయన ఆ సభ ఫొటోలు అందరికీ చూపిస్తున్నారు. చెప్పకుండానే వచ్చేశాను. ఒకటి ఆలోచించాను. తాతమ్మగారి చెవికి శ్రీకూర్మం అంటే ఆయన పేరే కదా. ఆమె సంతోషంగా ఉంది. మనం వెళ్ళి ఆ సంతోషం చెడగొట్టడం ఎందుకు? ఇంతటితో వదిలేద్దాం. నువ్వు మనసులో పెట్టుకోకు.

నరసింగరావు


చీపురుపల్లి,
3-12-1967.

చి. నరసింగరావుకి దీవెనలు.

వదిలేద్దాం అన్నావు. వదిలేశాను. కోతలు నడుస్తున్నాయి.

బుల్లమ్మ సంతకి వచ్చి తాతమ్మగారు ఇచ్చిందని ఎండు నెత్తళ్ళు ఇచ్చి వెళ్ళింది. మంచివి ఏరి ఇచ్చిందట. డబ్బు తీసుకోలేదు. మీ అత్త వంకాయ వేసి వండింది. నేను తినలేకపోయాను. ఒంట్లో బాగులేదని చెప్పాను.

నీ మీద నాకు కోపం లేదు. నీకు నా మీద ఉంటే ఉండనీ.

జగన్నాధం


ఖరగ్‌పూర్,
2-1-1968.

మావా,

నీకు ఒంట్లో బాగులేదని అమ్మ ఏడుస్తోంది. అన్నం మానేసేంత జబ్బేమిటి? అత్త కూడా ఎవరి చేతో కార్డు రాయించింది. 'మీ మావ ఇజీనారం ఎల్లి వొచ్చిన కాడినుంచి మడిసి మడిసిగా నేడు, సేపల వాసనకి లేసి ఎల్లిపోతన్నాడు' అని. ఇక్కడ రైల్వే ఆస్పత్రిలో నాకు తెలిసిన కాంపౌండరు ఉన్నాడు. వెంటనే బయలుదేరి రా. నీ మీద కోపమా! నాకు నీ మొహం తలుచుకుంటేనే సిగ్గుగా ఉంది మావా.

ఇంకో సంగతి. చెప్పకూడదనుకున్నాను, కానీ ఆగలేను. నూకయ్యగారు ఉగాదికి శ్రీకూర్మం నుంచి డ్రమ్ము చేసినవాళ్ళ సంతతిని పిలిపించి శాలువా కప్పాలని చూస్తున్నారు. ఆ ఊరి పెద్దలకి రాస్తే జవాబు కూడా వచ్చింది. తమ తాత ఢంకాలు చేసేవాడని ఎవరో ఇద్దరు అన్నదమ్ములు ఒప్పుకున్నారట. వాళ్ళు అబద్ధం ఆడుతున్నారని కూడా అనలేను. నిజంగానే చేసి ఉంటాడు, వేరే ఢంకాలు. ఊరుకుంటే ఈ డ్రమ్ము వాళ్ళ తాతదైపోతుంది.

నూకయ్యగారికి అంతా చెప్పాను. ఆయన కోపగించుకోలేదు. కోపగించుకున్నా బాగుండేది. 'ఋజువేదీ? మీ మావ మొదట ఒకటి రాశాడు, ఇప్పుడు ఎవరో పిల్ల రోడ్డు మీద చెప్పిందని ఇంకొకటి రాస్తున్నాడు. భార్య ఏం చెప్పిందో అది నికరం. ఆమె శ్రీకూర్మం అంది. ఆమె కాదంటే మారుస్తాను' అన్నారు.

ఏం చేయాలో నాకు తెలియడం లేదు.

నరసింగరావు


చీపురుపల్లి,
21-1-1968.

చిరంజీవి నరసింగరావుకి.

నాకు జబ్బు లేదు. అక్కకి చెప్పు.

నీ ఉత్తరం మీ అత్తకి చదివి వినిపించాను. మొదటినుంచీ అన్నీ చెప్పాను. నాకు నాలుగు తిట్లు పడతాయనుకున్నాను. 'నన్ను తీసుకెల్తే ఇంత వొచ్చునా? ఆడదాని మాట ఆడదానికి తెలుత్తాది' అని మాత్రం అంది. నిన్న తోడు వచ్చింది. బజారు మొగ దాకా వచ్చి, 'ఇక్కడినుంచి నువ్వే ఎల్లు' అని అక్కడే కూర్చుంది.

తాతమ్మగారికి ఈ మధ్య మోకాళ్ళ నొప్పులు. బజారుకి రావడం లేదు. రైలు కట్ట పక్కన వాళ్ళ ఇంటి దగ్గరే అరుగు మీద చేపలు పెట్టుకుని కూర్చుంది. నన్ను చూసి చాప దులిపి వేసింది. నెత్తళ్ళు బాగున్నాయా అని అడిగింది. నేను తినలేదు అన్నాను. ఎందుకని అంది. చెప్పాను.

ఆమె చాలాసేపు చేపలు సర్దింది. సర్దినవే మళ్ళీ సర్దింది.

'అయితే దాని మీద ఆయన పేరు నేదా?'

'లేదమ్మా.'

'నాను సెప్పినాను గదా.'

'చెప్పారు. నేను ఊరనుకున్నాను.'

'సదువుకున్నోడివి. మల్లీ అడగడానికి నోరు నేదేటి?'

'సిగ్గేసింది.'

'నీకు సిగ్గేసిందని మా ఆయన పేరు పోయిందా!' అంది. అరవలేదు. మామూలుగానే అంది.

తాళ్ళు కోసేసిన సంగతి కూడా చెప్పాను. నీ మీద చెప్పలేదు. మేమే కోశాం అన్నాను. ఆమె తన వేళ్ళు చూసుకుంది. 'తాడు కుళ్ళిపోతాది. దానికేటిలే' అంది. పేరు గురించి మాత్రం ఆ మాట అనలేదు.

నూకయ్యగారి షరతు ఆమెకి చెప్పలేదు. మెల్లిగా, 'మీరు పలకక్కరలేదమ్మా, బుల్లమ్మ చెప్పింది, నేను రాసుకుంటాను, మీరు అవునంటే చాలు' అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. 'బుల్లమ్మ సెప్తే బుల్లమ్మ మాట. రేపు ఇంకెవుడో ఇంకోటంతాడు. నానే సెప్తాను, ఇను' అంది. వద్దమ్మా అన్నాను. 'పేరు పలికితే మొగుడికి ఆయుస్సు తగ్గుతాదని మా యమ్మ సెప్పింది. పెళ్లైన కాడినుంచి నా నోట రానీనేదు. పోయినోడికి ఇంకేటి తగ్గుతాది బావు?' అంది.

తల మీదికి కొంగు లాక్కుంది. నా వైపు కాక గోడ వైపు తిరిగింది. చెప్పింది.

అప్పుడే కట్ట మీద గూడ్సు బండి పోతోంది. నాకు వినపడలేదు. ఆమె ఇటు తిరిగి నా ముఖంలోకి చూస్తోంది. చెంపలు తడిగా ఉన్నాయి. బుల్లమ్మ చెప్పిన పేరు నాకు తెలుసు. తల ఊపి లేచి వచ్చేస్తే ఎవరికీ తెలియదు. ఇన్నాళ్ళూ తల ఊపినవాణ్ణే.

బండి పోయేదాకా కూర్చున్నాను. 'అమ్మా, వినపడలేదు. మళ్ళీ చెప్పండి' అన్నాను.

ఒరే నరసింగం, అంత పాపం నేనెప్పుడూ చేయలేదు. ఆమె నన్ను చూసిన చూపు చచ్చేదాకా మరిచిపోను. ఈసారి గోడ వైపు తిరగలేదు. కొంగు తీసేసింది. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూసేలా గట్టిగా అంది. ఇంటిపేరుతో సహా అంది. బుల్లమ్మ నాకు ఇంటిపేరు చెప్పలేదు.

సూరాడ కూరమయ్య.

ఆమె కూరమయ్య అంది. కూర్మయ్య అని దిద్దకు. ఆ బిళ్ళ ఊడదీసి వెనక్కి తిప్పి, ఖాళీ వైపు నువ్వే చెక్కు. నూకయ్యగారికి ఈ ఉత్తరం చూపించు. మొదటి ఉత్తరం రాసినవాడే ఇదీ రాశాడని, ఈసారి రెండుసార్లు అడిగి రాశాడని చెప్పు.

మీ మావ
జగన్నాధం